పటంలో రేసు బాట

నిన్న రాత్రి నిద్ర పట్టక, 2023 ఫిబ్రవరి 11న ‘ఫార్ములా-ఈ’ పోటీలో విద్యుత్ కార్లు పరుగులు తీసిన హుస్సేన్‌సాగర్ ఒడ్డు దారిని గూగుల్ మ్యాప్స్‌లో వేలితో అనుసరిస్తూ వెళ్లాను. దాదాపు 2.8 కిలోమీటర్ల నిడివి, 18 మలుపులు. లుంబినీ పార్కు, సచివాలయం, ఐమ్యాక్స్ నేను రోజూ దాటివెళ్లే చోట్లే అయినా, ఎన్టీఆర్ మార్గ్ చెరువు పక్కన ఎంత తిన్నగా సాగుతుందో ఉపగ్రహ చిత్రంలో పైనుంచి చూసినప్పుడే మొదటిసారి గమనించాను. కారు వేగం పుంజుకోవడానికి అంతకంటే అనువైన చోటు ఆ చుట్టుపక్కల లేదనిపించింది. తీరా వీధి చిత్రంలోకి దిగితే కనిపించినవి ఆటోలు, బస్సులే! జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ దారిలోనే సాయంత్రం వేళ నా స్కూటర్ నడక కంటే కొంచెమే ముందుంటుంది. 2024లో జరగవలసిన పోటీ రద్దయింది కనుక, ఆ మలుపులను ఇప్పటికి పటంలోనే తిరుగుతున్నాను.