పదికి ఎంత సిస్టర్?

మా వార్డు గోడకి ఓ కార్డు ఉంటుంది. సున్నా దగ్గర నవ్వే మొహం, పది దగ్గర ఏడ్చే మొహం. పన్నెండేళ్లుగా ఆపరేషన్ అయిన పేషెంట్లకు అది చూపించి, నొప్పి పదికి ఎంతో అడిగి కేస్ షీట్‌లో రాస్తున్నాను. నా నొప్పి మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

గుంటూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఇల్లు తెనాలిలో. 2022 శ్రావణంలో ఓ నైట్ డ్యూటీలో, పక్షవాతం వచ్చిన పెద్దాయన మంచం మీద కాళ్లవైపుకి జారిపోయారు. భారీ మనిషి. వార్డ్ బాయ్ వేరే ఫ్లోర్‌లో ఉన్నాడు. ఆయా, నేను ఆయన కింద అడ్డంగా పరిచిన డ్రా షీటు చెరోపక్క పట్టుకుని పైకి లాగాం. నడుం కలుక్కుమంది. తెల్లారేసరికి కుడి పిక్క దాకా లాగేస్తోంది.

నొప్పికి డైక్లో ఇంజెక్షన్, కడుపులో మంటకి పాంటాప్ మాత్ర, నడుముకి బెల్టు. ఎనిమిది నెలలు ఇలాగే నెట్టుకొచ్చాను. మాలో చాలామందిమి ఒకరికొకరం ఇంజెక్షన్ చేసుకుని డ్యూటీ ఎక్కేస్తాం. ఇది తప్పు. డైక్లో కడుపునీ కిడ్నీలనీ ఎలా దెబ్బతీస్తుందో పేషెంట్లకు చెప్పేది మేమే. మందుల ట్రాలీ మీద మోచెయ్యి ఆనించి, బరువంతా ఎడమకాలి మీద వేసి యాంటీబయాటిక్‌లు కలిపేదాన్ని.

ఎంఆర్ఐలో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం కిందిభాగంలో రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ కాస్త ఉబ్బిందని తేలింది. ఆపరేషన్ అక్కర్లేదనీ, నొప్పి లేనివాళ్ల స్కాన్‌లోనూ ఇలాంటివి కనిపిస్తాయనీ డాక్టరుగారు చెప్పారు. ఊరట కలగలేదు, కోపం వచ్చింది. మరి నాకెందుకు తగ్గడం లేదు?

ఫిజియోథెరపీ అమ్మాయి మొదటిరోజే "పదికి ఎంత సిస్టర్?" అంది. మూడన్నాను. సాక్సులు వేసుకోవడానికి ఎంతసేపు పడుతోందని అడిగింది. మా పాప వేస్తోందని చెప్పబోతే గొంతు పూడుకుపోయింది. ఏడు అని రాయించాను.

రోజూ నొప్పి ఎంతో, ఏ డ్యూటీయో, ఎన్ని గంటలు నిద్రపోయానో నోట్‌బుక్‌లో రాయమంది. ఆరు వారాలకు తిరగేస్తే, పేషెంట్లని తిప్పడం వల్లే నొప్పి పెరుగుతోందని నేననుకున్నది తప్పని తెలిసింది. డే డ్యూటీలో ముగ్గురం కలిసి ఎంతమందిని తిప్పినా నాలుగు దాటలేదు. వరసగా మూడు నైట్లు చేసి, వీక్లీ ఆఫ్ రోజు ఇంట్లో పడుకునే ఉన్నా ఎనిమిది. ఆ నైట్లలో ఇరవై రెండు మంది పేషెంట్లకు ఇద్దరం. బోధనాసుపత్రి కాని చోట కూడా ఐదుగురికి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. బస్సెక్కాక కూడా టెన్షన్ వదిలేది కాదు. పొటాషియం సెలైన్‌లో సరిగ్గా కలిపానా? డ్రిప్ స్పీడు తగ్గించానా? బుడంపాడు దాటకముందే వార్డుకి ఫోన్ చేసేదాన్ని.

పైగా డబ్బు కోసం డబుల్ డ్యూటీలు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకి నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలంది. అప్పటికి నా జీతం పద్నాలుగు వేలు.

డాక్టరుగారు నోట్‌బుక్ మొత్తం చదివారు. మూడు నెలలు దాటి ఉండిపోయిన నొప్పిని నిద్రలేమి, టెన్షన్ ఇంకా పెంచుతాయనీ, అప్పుడు నరాలు చిన్న పోటుని కూడా పెద్దగా చేసి చెబుతాయనీ అన్నారు. "అంతా నీ మనసులోనే ఉంది" అని మాత్రం అనలేదు. అని ఉంటే మళ్లీ వెళ్లేదాన్ని కాదు.

జీతం లేకుండా నెల సెలవు పెట్టాను. రాత్రిపూట ఆయన రాసిచ్చిన చిన్న డోసు మాత్ర, పొద్దున్నే నడక, వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తే వ్యాయామం. మొదట్లో మూడుసార్లకే తొడలు వణికేవి. బెల్టు వదలడమే అన్నిటికన్నా కష్టమైంది, అది లేకుండా వంగాలంటే భయం.

తిరిగి చేరిన రోజు నోట్‌బుక్ ఇన్‌ఛార్జ్ సిస్టర్ ముందు పెట్టాను. ఆవిడ కళ్లజోడు తీసి, "నాదీ ఇదే కథమ్మా" అన్నారు. సిబ్బందిని పెంచడం ఆవిడ చేతిలో లేదు. ఎవరికి ఏ డ్యూటీయో వేసే రోస్టర్ మాత్రం ఉంది. ఎవరికీ వరసగా రెండు నైట్లకు మించి వేయకుండా మార్చారు. పేషెంటుని జరపాలంటే మంచాన్ని నా నడుం ఎత్తుకి లేపుతాను, రెండో మనిషి వచ్చేదాకా ఆగుతాను. ఆలస్యమైందని అటెండెంట్లు అరిచినా సరే.

ఇప్పుడు చాలా రోజులు రెండు ఉంటుంది, చలికాలంలో ఒక్కోసారి ఐదు. సాక్సులు నేనే వేసుకుంటున్నాను. మొన్న నైట్ దిగి బస్సెక్కి, వార్డుకి ఫోన్ చేయకుండానే నిద్రపోయాను. తెనాలిలో కండక్టర్ లేపాడు.