స్ప్లెండర్ సైలెన్సర్ స్టడ్: రెండోసారి కూడా ఊడొచ్చింది

నిన్న రాత్రి సైలెన్సర్ పైపుని ఇంజన్‌కి పట్టే ఎడమ స్టడ్ (తల లేని మర కడ్డీ) నట్టు మళ్లీ ఒకసారి బిగించి చూద్దామని స్పానర్ పెట్టాను. పావు చుట్టు తిరిగేసరికే చేతికి తెలిసిపోయింది. బిగుతు పెరగాల్సిన చోట మెత్తబడింది. ఇంకో రెండు చుట్లు తిప్పితే నట్టుతో పాటు స్టడ్ మొత్తం కిందికి దిగి అరచేతిలో పడింది. టార్చి వేసి చూశాను. స్టడ్‌కి హెలికాయిల్ (మరలు పోయిన రంధ్రంలో ఎక్కించే తీగ చుట్ట) అంటుకునే ఉంది. కాయిల్ చుట్ల మధ్య సన్నని వెండి దారంలా అల్యూమినియం ఒలిచినట్టు చుట్టుకుని ఉంది. అంటే కాయిల్ తెగలేదు, స్టడ్ తెగలేదు. సిలిండర్ హెడ్‌లో నేను కొట్టిన మరలే మొత్తంగా ఊడి వచ్చేశాయి. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

బండి మా నాయినది, 1999 స్ప్లెండర్. నల్లగొండ నుంచి బత్తాయి తోటకి రోజూ దీని మీదే పోతాడు. ఈ నెలలో దీనికి మూడు చోట్ల థ్రెడ్ పోయింది. ఆయిల్ డ్రెయిన్ బోల్టు (12×1.5, అంటే 12 ఎంఎం లావు, మరకీ మరకీ మధ్య దూరం అంటే పిచ్ 1.5) హెలికాయిల్‌తో ఒక్క దెబ్బకే కుదిరింది, చుక్క కారడం లేదు. మాగ్నెట్ కవర్ దగ్గర 6 ఎంఎం బోల్టు కూడా అంతే. ఈ సైలెన్సర్ స్టడ్ ఒక్కటే నన్ను వదలడం లేదు.

మొదటిసారి చేసింది ఇంజన్ బండికే ఉండగా. స్ప్లెండర్‌లో సిలిండర్ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది కాబట్టి సైలెన్సర్ పోర్టు నేల వైపు చూస్తుంది. రేకుల షెడ్డులో బండి కింద వెల్లకిలా పడుకుని, చేతి డ్రిల్ పైకి ఎత్తి, 6.3 బిట్‌తో కొట్టాను. కిరోసిన్ వేస్తూ ట్యాపు (మరలు కోసే పనిముట్టు) దించాను, 9 ఎంఎం కాయిల్ ఎక్కించాను. లోపలికి బాగానే వెళ్లింది. స్టడ్ బిగించి మూలమట్టం పెట్టి చూస్తే 40 ఎంఎం పొడవు మీద కొస 2 ఎంఎం పక్కకి వాలింది, అంటే దాదాపు 3 డిగ్రీలు. బెండ్ పైపుని హెడ్‌కి అదిమి పట్టే ఫ్లాంజి ఎక్కలేదు. అప్పుడే ఆగి ఉండాల్సింది. నేను ఫ్లాంజి రంధ్రాన్ని ఆకురాయితో కోలగా సాగదీసి ఎక్కించేశాను. నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు తోట దారిలో ఫట్ ఫట్ అని గాలి లీకు శబ్దం మొదలైంది.

రెండోసారి అదే రంధ్రంలో పొడవైన కాయిల్, 12 ఎంఎంది, ఎర్ర లాక్‌టైట్ (మరలకి రాసే జిగురు) రాసి ఎక్కించి ఇరవై నాలుగు గంటలు ఆరనిచ్చాను. బిగుతు కొలవడానికి నా పద్ధతి ఇది: రింగ్ స్పానర్‌కి నట్టు మధ్య నుంచి 12.5 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి, అక్కడ కొక్కెం కాటా తగిలించి లాగుతాను. 8 కిలోలు చూపిస్తే 100 కేజీ-సెంటీమీటర్లు, 6 ఎంఎం స్టడ్‌కి అది చాలు. పెద్ద టార్క్ రెంచీలు ఇంత తక్కువ బిగుతు దగ్గర నమ్మదగ్గవి కావని నా అభిప్రాయం. దాని కన్నా కాటానే నయం. ఆ రోజు 8 కిలోల దాకా గట్టిగా నిలబడింది. బండి తోటకి పోయి వచ్చింది, రాను పోను 22 కిలోమీటర్లు. చల్లారాక కాటాతో మళ్లీ లాగితే 5 కిలోల దగ్గరే జారిపోయింది.

లాక్‌టైట్‌ని ఇక్కడ నమ్ముకోవడం నా తప్పే. ఎర్రదాన్ని విప్పాలంటే మనం చేసేదే బాగా వేడి చేయడం. మంట బయటికొచ్చే పోర్టు పక్కన పెడితే ఇక అది పట్టుకుని ఉంటుందా? చల్లటి కవర్లకి, బ్రాకెట్లకి నీలం లాక్‌టైట్ 243 బంగారం లాంటిది, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. ఈ చోటికి మాత్రం పనికిరాదు.

ఈ రోజు పొద్దున రంధ్రం కొలిచాను. లోపలి వ్యాసం కొలిచే గేజీ లేదు కాబట్టి డ్రిల్ బిట్ల మొదళ్లతోనే చూశాను. 6.7 బిట్ మొదలు 4 ఎంఎం లోతు దిగింది. 6.5 ఏడు ఎంఎం దాకా పోయింది. 6.4 మాత్రం అడుగు దాకా పోయింది. అంటే రంధ్రం గరాటులాగా ఉంది, చేయి ఊగిన చోటల్లా మూతి పెద్దదైంది. 6 ఎంఎం హెలికాయిల్ ట్యాపు కోసే మర బయటి వ్యాసం దాదాపు 7.3. రంధ్రం 6.3 ఉంటే ఒక్కో వైపు మర ఎత్తు అర ఎంఎం వస్తుంది. 6.7 అయితే 0.3 మాత్రమే మిగులుతుంది. పై 4 ఎంఎంలో మర బలం సగానికి కాస్త ఎక్కువ, అంతే. పైగా ఫ్లాంజి వంకరగా కూర్చుంది కాబట్టి నట్టు బిగించిన ప్రతిసారీ స్టడ్‌ని నేరుగా లాగకుండా పక్కకి వంచింది.

ఇంకో అనుమానం కూడా ఉంది. వెనకాల సైలెన్సర్‌ని ఫ్రేముకి పట్టే బోల్టు వదులుగా ఉందని ఇప్పుడు గమనించాను. తోట దారి గుంతల్లో ఆ సైలెన్సర్ బరువంతా ఈ రెండు స్టడ్‌ల మీదే ఊగింది. అసలు థ్రెడ్ మొదట పోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది. మీ బండికీ ముందు స్టడ్ పోయి ఉంటే, డ్రిల్ పట్టుకునే ముందు ఆ వెనక బోల్టు చూసుకోండి.

ఇప్పుడు మూడో ప్రయత్నం. 8 ఎంఎం ట్యాపు కొట్టేద్దామనుకున్నాను గానీ దానికి రంధ్రం 6.8 ఉండాలి. పాత మరల గాడులు 7.3 దాకా ఉన్నాయి. 1.0 పిచ్ గాడుల మీద 1.25 పిచ్ కొడితే రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. కాబట్టి బుష్ (లోపలా బయటా మరలున్న చిన్న గొట్టం) వేయాల్సిందే. బయట 10×1.0, లోపల 6×1.0. రంధ్రం 9 ఎంఎం కొడితే పాత గాడులన్నీ పోతాయి. ఈ సైజే ఎందుకంటే, స్ప్లెండర్ స్పార్క్ ప్లగ్గు థ్రెడ్ కూడా 10×1.0 కాబట్టి ఆ ట్యాపు నా దగ్గర ఇప్పటికే ఉంది. టోటెం కంపెనీ ట్యాపు, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను ఇబ్బంది పెట్టలేదు. స్టడ్ చుట్టూ హెడ్ కండ ఎంత ఉందో వెర్నియర్‌తో చూశాను. 14 ఎంఎం. బుష్ పోగా చుట్టూ 2 ఎంఎం మిగులుతుంది. చాలనే అనుకుంటున్నా.

మధ్యాహ్నం లేత్ షాపుకి పోయాను. స్టీలు బుష్ చేయమని అడిగితే షాపు చాచా ఒప్పుకోలేదు.

"స్టీలు ఎందుకు బేటా, ఇత్తడి వేసుకో. అల్యూమినియం వేడికి సాగినట్టే దగ్గర దగ్గర ఇత్తడి కూడా సాగుతది. స్టీలు సాగదు, లూజైతది."

ఇంటికొచ్చి లెక్క వేశాను. 10 ఎంఎం వ్యాసం 150 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం 0.035 ఎంఎం దాకా పెరుగుతుంది, ఇత్తడి 0.028, స్టీలు 0.018. చాచా లెక్క వేయకుండానే చెప్పిన మాట కచ్చితంగా నిజం. పైగా ఇత్తడిలో స్టడ్ తుప్పు పట్టి బిగుసుకుపోదు.

14 ఎంఎం పొడవు ఇత్తడి బుష్ తయారై నా టేబుల్ మీద ఉంది. దాని మరలు వేలితో తడిమితే ఎక్కడా పొక్కు తగలడం లేదు. ఈసారి బండి కింద పడుకుని కొట్టేది లేదు. ఆదివారం హెడ్ విప్పి, చాచా పిల్లర్ డ్రిల్ బల్ల మీద పోర్టు ముఖం మట్టం చూసి బిగించి, ముందు 8, తర్వాత 9 బిట్‌తో కొట్టిస్తాను. బుష్ ఎక్కించాక అది తిరక్కుండా అంచు మీద మూడు చోట్ల సెంటర్ పంచ్ దెబ్బ. సాగదీసిన ఫ్లాంజి పారేసి కొత్తది కొనాలి. ఈసారి రెండు నట్లూ చెరో పావు చుట్టు మార్చి మార్చి బిగిస్తాను. పోయినసారి కుడిదాన్ని ముందే పూర్తిగా బిగించేశాను.

హెడ్ ఎలాగూ దిగుతుంది కాబట్టి వాల్వులు కూడా గ్రైండింగ్ చేయించాలి. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు కాస్త నీలం పొగ వస్తోంది, వాల్వ్ ఆయిల్ సీళ్లు రెండూ తెచ్చి పెట్టుకున్నాను. హెడ్ ప్యాకింగ్ కొత్తది, టైమింగ్ చైన్ కూడా ఒకసారి చూడాలి.

"బండి అయితదా, కాదా? తోటకు నీళ్లు పెట్టాలె" అని నాయిన రెండు రోజులుగా అడుగుతున్నాడు. ఆదివారం సాయంత్రానికి ఇస్తానని చెప్పాను. అప్పటిదాకా నా పల్సర్ తీసుకుపొమ్మన్నాను.