అండర్-19 అమ్మాయిల కప్పు, ఎడమచేతి స్పిన్, బెంగళూరు నెట్స్

2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో అండర్-19 టీ20 ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికా అమ్మాయిలు 82కే ఆలౌట్. ఆ పది వికెట్లలో తొమ్మిది స్పిన్నర్లవే. మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష లెగ్ స్పిన్‌తో 15 పరుగులిచ్చి మూడు తీసింది. పరుణికా సిసోడియా, ఆయుషి శుక్లా, వైష్ణవి శర్మలకు తలా రెండు. ఈ ముగ్గురిదీ ఎడమచేతి స్పిన్. మిగిలిన ఒక్క వికెట్ విశాఖ పేసర్ షబ్నం షకీల్‌ది. కర్ణాటక అమ్మాయి నిక్కీ ప్రసాద్ కెప్టెన్సీలో మనవాళ్ళు 11.2 ఓవర్లలో ఒక్క వికెట్ మాత్రమే పోగొట్టుకుని కప్పు గెలిచారు.

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు తెలుగు ఇళ్ళలో అమ్మాయిని క్రికెట్‌లో చేర్చగానే ముందు కొనేది బ్యాటు. త్రిష అంటే అందరికీ గుర్తొచ్చేది స్కాట్లాండ్ మీద కొట్టిన 110, ఆ టోర్నీలో చేసిన 309 పరుగులు. గుర్తుండాల్సినవే. అయితే అదే టోర్నీలో అత్యధిక వికెట్లు వైష్ణవివి, 17. ఆ తర్వాత ఆయుషి, 14. మలేషియా మీద వైష్ణవి ఐదు పరుగులకే ఐదు వికెట్లు తీసింది, అందులో హ్యాట్రిక్ కూడా ఉంది. ఎడమచేత్తో అన్నం తినబోతే చెయ్యి మార్పించే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. బంతి విషయంలో మాత్రం దయచేసి ఆ పని చేయకండి.

ఎడమచేతి స్పిన్ ఈ వయసులో ఎందుకంత పనిచేస్తుంది? అమ్మాయిల బంతి బరువు 140 నుంచి 151 గ్రాములు, మగవాళ్ళది 156 నుంచి 163. నెమ్మదిగా వచ్చే బంతిని బౌండరీ దాటించాలంటే బలమంతా బ్యాటరే పెట్టుకోవాలి. పదహారు, పదిహేడేళ్ళ వయసులో చాలామందికి ఆ బలం రాదు, అడ్డంగా ఊపుతారు. ఎడమచేతి స్పిన్నర్ అరౌండ్ ద వికెట్, అంటే బంతి వేసే చెయ్యి స్టంప్స్‌కి దూరంగా ఉండే వైపు నుంచి, వచ్చి వేస్తే బంతి కుడిచేతి బ్యాటర్‌కి లోపలికి వస్తూ, పిచ్ అయ్యాక బయటికి తిరుగుతుంది. తిరగకపోతే ఇంకా ప్రమాదం, నేరుగా ప్యాడ్‌కో స్టంప్స్‌కో తగులుతుంది.

ఇప్పుడు బెంగళూరు సంగతి. ఇక్కడి అకాడమీల్లో అమ్మాయిలు ఎక్కువగా అబ్బాయిలతో కలిసి, వాళ్ళ బంతితోనే ఆడతారు. చిన్న చేతికి ఆ బంతి అందదు, వేళ్ళతో తిప్పాల్సింది అరచేతిలోకి జారిపోతుంది. అమ్మాయిల బంతిని సాధారణంగా 142 గ్రాముల పేరుతో అమ్ముతారు. అది సొంతంగా కొని కిట్‌లో పెట్టండి. పదమూడేళ్ళ లోపు పిల్లలకు ఇంకా తేలికది, 133 నుంచి 144 గ్రాముల మధ్యది దొరుకుతుంది.

రెండో చిక్కు బాక్స్ టర్ఫ్, అంటే చుట్టూ వల కట్టిన చిన్న కృత్రిమ మైదానం. ఆ పచ్చ చాప మీద సీమ్ (బంతి మీది కుట్టు) పట్టదు, బంతి జారిపోతుంది. పైన వల కిందికి వేలాడుతుంటే బంతిని గాల్లోకి లేపడానికే పిల్ల భయపడుతుంది. దానికి తోడు పెద్ద అబ్బాయిలు ముందుకొచ్చి బాదుతుంటే నెల తిరిగేసరికి ఫ్లాట్‌గా, వేగంగా వేయడం అలవాటైపోతుంది. స్పిన్నర్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. వారంలో రెండు రోజులైనా మట్టి వికెట్ ఉన్న చోట వేయించమని కోచ్‌ని గట్టిగా అడగండి.

బ్యాటర్ లేకుండా మొదలుపెట్టాలి. పన్నెండు బంతులు నిలబడే వేయించండి. చూపుడు వేలి పై కణుపు సీమ్‌ని లాగాలి, ఎడమచేత్తో సీసా మూత తెరిచినట్టు. బంతి సగానికి రంగు టేపు చుడితే సీమ్ వణుకుతోందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. గాల్లో సీమ్ మొదటి స్లిప్ (కీపర్ పక్కన నిలబడే ఫీల్డర్) వైపు చూడాలి. తర్వాత పిచ్ మధ్యలో, బ్యాటర్ కళ్ళకు కాస్త పైన, సుమారు ఆరడుగుల ఎత్తులో అడ్డంగా తాడు కట్టండి. బంతి తాడు మీదుగా వెళ్ళి, స్టంప్స్‌కి మూడున్నర నుంచి నాలుగున్నర మీటర్ల దూరంలో పడాలి. అక్కడ ఆఫ్ స్టంప్ లైన్‌లో రెండు జానల వెడల్పున సుద్దతో గడి గీయండి. పన్నెండేళ్ళ పిల్లకి 22 గజాల పిచ్ ఎక్కువైతే 18 నుంచి మొదలుపెట్టండి. రోజుకి 36 నుంచి 48 బంతులు, వారానికి నాలుగు రోజులు చాలు. ముప్ఫైలో ఇరవై గడిలో పడేదాకా ఆర్మ్ బాల్ (తిరగకుండా నేరుగా పోయే బంతి) ఊసెత్తకండి.

ఎక్కువ కోణం కోసం పిల్లలు క్రీజు అంచుకి జరిగిపోతారు. మిడిల్ స్టంప్ నుంచి రిటర్న్ క్రీజు (బౌలర్ పక్కన ఉండే గీత) 1.32 మీటర్లు. వెనక కాలు ఆ గీతకి తగిలిందంటే నో బాల్, పైగా ఫ్రీ హిట్. తగలకపోయినా అంత దూరం నుంచి తిరగని బంతి లెగ్ సైడ్ వైడ్‌గా పోతుంది. వెనక నుంచి ఫోన్‌లో వీడియో తీస్తే పాదం తెలుస్తుంది. వేగంగా వేయబోయినప్పుడు మోచెయ్యి విసురుతోందేమో అదే వీడియోలో చూడండి. వంచిన చెయ్యి 15 డిగ్రీలకు మించి చాపితే బౌలింగ్ యాక్షన్ చెల్లదు. ఈ వయసులో సరిదిద్దడం తేలిక, పద్దెనిమిదేళ్ళకి చాలా కష్టం.

కుడిచేతి పిల్లలైతే ఆఫ్ స్పిన్, లెగ్ స్పిన్ ఉన్నాయి. ఎడమచేతి స్పిన్ పెద్దల జట్టులోనూ తోవ చూపిస్తుందనడానికి మన కడప జిల్లా శ్రీచరణి ఉంది. 2025లో మనం గెలిచిన వన్డే ప్రపంచకప్‌లో ఆమెకు 14 వికెట్లు.

కాగితాల దగ్గర మనవాళ్ళకే వచ్చే ఇబ్బంది ఒకటుంది. ఆంధ్రాలో తీసిన జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు ముందుంటుంది, బెంగళూరు స్కూల్లో అది ఇనీషియల్‌గా చివరికి పోతుంది, ఆధార్‌లో మూడో రకంగా ఉంటుంది. మూడింట్లోనూ పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉండేలా సెలెక్షన్లకి ఏడాది ముందే సరిచేయించండి. వయసు లెక్క సెప్టెంబర్ 1 నుంచి. 2025 కప్పుకి 2005 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళే అర్హులు. అంతర్జాతీయ మ్యాచ్‌కి కనీసం 15 నిండాలి. అండర్-15 స్థాయిలో ఎడమ మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసు చూస్తారు. కర్ణాటక, ఆంధ్ర, హైదరాబాద్ సంఘాల్లో ఎక్కడ ఆడించాలో కూడా ముందే తేల్చుకోండి. ఒకచోట నమోదయ్యాక మారాలంటే పాత సంఘం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడి వానలకు మట్టి వికెట్ తరచూ దొరకదు. ఆ నెలల్లో పార్కింగ్ స్థలంలో పది అడుగుల దూరం నుంచి గోడకేసి, రంగు టేపు బంతితో నిలబడి వేసే పన్నెండు బంతులూ మానకుండా వేయించండి.