సోప్రానో సాక్సఫోన్‌పై ‘ఇంచ్‌వర్మ్’: ఆరో వారం

అమెరికన్ జాజ్ సాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 1962లో న్యూజెర్సీలోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డు చేసిన ‘ది ఇంచ్‌వర్మ్’ను నేర్చుకోవడం మొదలుపెట్టి ఆరు వారాలైంది. ఆయన సోప్రానోపై వాయించిన ‘మై ఫేవరెట్ థింగ్స్’ను తలచుకోని జాజ్ అభిమాని ఉండరు, అదే వాద్యంపై, అదే మూడు మాత్రల నడకలో ఆయన ఎత్తుకున్న ఈ చిన్న పాట ఊసు మాత్రం అరుదుగా వస్తుంది. ఫ్రాంక్ లెస్సర్ దీన్ని 1952 నాటి ‘హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్’ అనే సంగీత చిత్రానికి కూర్చారు. బడిపిల్లలు రెండూ రెండూ నాలుగు, నాలుగూ నాలుగూ ఎనిమిది అని కూడికలు వల్లిస్తుంటే, ఆ వరసకు జోడుగా నటుడు డానీ కే బంతిపూలను కొలుచుకుంటూ పోయే పురుగును, అంటే ఇంచ్‌వర్మ్‌ను, గురించి పాడతారు.

మొదటి మూడు వారాలూ అసలు వరస దగ్గరే గడిచాయి. సోప్రానోలో పై స్వరాలు, ముఖ్యంగా అరచేతి అంచుతో నొక్కే మీటలవి, పెదవి కాస్త బిగిసినా శ్రుతి మించిపోతాయి. అందుకని రోజూ ఇరవై నిమిషాలు తంబుర యాప్ పెట్టుకుని ఒక్కో స్వరాన్నీ ఊపిరి ఉన్నంతసేపు నిలిపాను. ఇది బి ఫ్లాట్ వాద్యం కనుక పియానో మీది సి పలకాలంటే డి వాయించాలి. మొదటి రోజు ఆ లెక్క మరచి, శ్రుతి కలవకపోతే తప్పు రీడ్‌దే (నోటి దగ్గర కంపించి నాదం పుట్టించే సన్నని పుల్లదే) అనుకుని మంచి రెండున్నర నంబరు రీడ్‌ను పక్కన పెట్టేశాను.

నాలుగో వారంలో పిల్లల కూడికల వరసను ఫోన్‌లో రికార్డు చేసుకుని, దానిపై అసలు వరసను వాయించాను. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అప్పుడు తెలిసింది: పిల్లల లెక్క ముగిసే చోట కాదు, పురుగు పాట ఆగే చోట.

కోల్ట్రేన్ వాయింపులో వేగాన్నే ఎక్కువమంది మెచ్చుకుంటారు. నాకు మాత్రం, అంత వేగం చేతిలో ఉన్న మనిషి చిన్నపిల్లల పాటను చిన్నబుచ్చకుండా, పెద్ద నగలేవీ తొడగకుండా ముందు పెట్టడమే గొప్పగా తోస్తుంది. వెనక ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ ప్రతి బారులోనూ (మూడు మాత్రల ఆవృత్తిలోనూ) మొదటి మాత్రను వేలు పెట్టి చూపవు. లెక్కను మన లోపలే నడుపుకోవాలి.

ఈ వారం సోలోలో ఎనిమిది బార్లు తీసుకుని, రికార్డింగును అరవై శాతం వేగానికి తగ్గించి, ముందు గొంతుతో పాడి తరువాత వాయిస్తున్నాను. ఆరు బార్లు పట్టుబడ్డాయి. చివరి రెండింటిలో పైకెక్కే చోట ట్యూనర్ ముల్లు ఇంకా పది సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) కుడికి, అంటే శ్రుతి మించే వైపుకు, ఒరుగుతోంది.