ఏఐసీపీ గట్టెక్కాను: ఒక యార్డు కంచె నేర్పిన సిలబస్

ఫ్రెండ్స్, ఏఐసీపీ, అంటే అమెరికాలో సిటీ ప్లానర్లకు ఇచ్చే సర్టిఫికేషన్ పరీక్ష, పాసయ్యాను! తెర మీద ఆ మాట చూశాక గానీ గుండె కుదుటపడలేదు. అమెరికాలో ప్లానింగ్ ఉద్యోగాలు చేస్తున్న, మాస్టర్స్ చదువుతున్న మనవాళ్లు ఎలా చదివావని అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. 170 ప్రశ్నలు, మూడున్నర గంటలు, సిలబస్‌లో ఏమేం ఉంటాయి, ఇవన్నీ మీకు తెలిసినవే.

నాకు చాలా నెలలు కోర్టు కేసులు బుర్రకెక్కలేదు. యూక్లిడ్ 1926, బెర్మన్ 1954, డోలన్ 1994 అని అమెరికా సుప్రీంకోర్టు తీర్పులు బట్టీ పట్టడం, వారం తిరక్కుండా అన్నీ కలగాపులగం కావడం. దారి దొరికింది ఆఫీసులో ఒక ఫైలు దగ్గర. పైపులు, కంటైనర్లు, ట్రైలర్లు ఆరుబయట పెట్టుకోవడానికి ఒక కాంట్రాక్టర్ యార్డు అనుమతి అడిగాడు. ఊరి జోనింగ్ కోడ్‌లో, అంటే ఏ స్థలంలో ఏం చేయొచ్చో చెప్పే నియమాల పుస్తకంలో, ఆ సెక్షన్ చాలా చిన్నది. సామాను స్థలంలో పక్క, వెనక వైపు ఖాళీల్లోనే పెట్టాలి. రోడ్డు మీంచి లోపలికి చూపు ఆనని కంచె కట్టాలి, ఉత్త జాలీ కంచె చెల్లదు. గేటూ అంతే. పేర్చిన సరుకు కంచె ఎత్తు దాటకూడదు. ఇళ్ల జోన్ ఆనుకుని ఉంటే మధ్యలో చెట్ల బఫర్, అంటే అడ్డుగా చెట్ల వరస. ఇక్కడ చాలా ఊళ్ల కోడ్‌లలో ఇలాంటివే ఉంటాయి, కంచె ఎత్తు మాత్రం ఊరిని బట్టి మారుతుంది. ఆరడుగులు, ఎనిమిది అడుగులు ఎక్కువగా కనిపిస్తాయి.

"స్థలం నాది, జోన్ ఇండస్ట్రియల్, నా పైపులు ఎవరి కంటపడితే ఏమిటి?" అన్నాడాయన. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం కూర్చుంటే కేసులన్నీ వాటంతటవే వరసలో నిలబడ్డాయి. ఊరిని జోన్లుగా విడదీసే అధికారం యూక్లిడ్ తీర్పుతో నిలిచింది. ఆ ఊళ్లో ఆంబ్లర్ రియాల్టీ అనే కంపెనీ తన 68 ఎకరాలు పరిశ్రమలకు అమ్ముకోవాలనుకుంది, గొడవ అక్కడే మొదలైంది. చూపుకి బాగుండటం కూడా ప్రజాహితమేనని చెప్పడానికి బెర్మన్ ఆధారం. కంచె కట్టమనడం ఒకటి, బఫర్ కోసం స్థలమే ఊరికి రాసిమ్మనడం ఇంకొకటి. రెండోదానికి వస్తే 1987 నాటి నోలన్, ఆ తర్వాతి డోలన్ తీర్పులు అడ్డం నిలబడతాయి: అడిగే షరతుకి, ప్రాజెక్టు వల్ల కలిగే ఇబ్బందికి పొంతన ఉండాలంటాయవి. యార్డు కోడ్ కంటే ముందు నుంచే ఉంటే? అక్కడ నాన్‌కన్ఫార్మింగ్ యూజ్, అంటే కొత్త నియమానికి సరిపోకపోయినా పాతది కాబట్టి సాగనిచ్చే వాడకం, మొదలవుతుంది.

అన్నిటికంటే నన్ను పట్టేసింది 1965 హైవే బ్యూటిఫికేషన్ చట్టం. ఆ చట్టం కిందికి వచ్చే హైవేల హద్దు నుంచి 1,000 అడుగుల లోపు, రోడ్డు మీంచి కనిపించే తుక్కు యార్డులకు చాటు కట్టాలి, లేదా తీసేయాలి. అమలు చేయని రాష్ట్రానికి హైవే నిధుల్లో కోత. కానీ ఇండస్ట్రియల్ జోన్‌లో ఉన్నవాటికి మినహాయింపు! అంటే సరిగ్గా ఆ కాంట్రాక్టర్ అడిగినలాంటి చోట ఫెడరల్ చట్టం పక్కకు తప్పుకుంటుంది, ఊరి కోడే దిక్కు. ఇది అర్థమయ్యాక ఫెడరల్, స్టేట్, లోకల్ అధికారాల ప్రశ్నలకు నేను మళ్లీ భయపడలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ప్లానర్ల ఎథిక్స్ కోడ్ అక్షరం వదలకుండా చదవండి. చరిత్రకు టైమ్‌లైన్ సొంతంగా రాసుకోండి. జనాభా అంచనాల లెక్కలు చేత్తో చేయండి.

ఊళ్ల కోడ్‌లు చదువుతూ టైమ్ పాడుచేసుకుంటున్నావని స్టడీ గ్రూపులో అన్నారు. నేను ఒప్పుకోను. ఫ్లాష్ కార్డులు తిప్పినంత మాత్రాన చదువు కాదు. సందర్భం ఇచ్చి "ప్లానర్ ముందు ఏం చేయాలి" అని అడిగినప్పుడు నన్ను ఆదుకున్నది ఆ కోడ్ చదువే. పొద్దున ఉద్యోగానికి ముందు గంటసేపు, పండగైనా, లాంగ్ వీకెండైనా, పుస్తకం ముందు కూర్చున్నా. ట్రిప్పులు వదులుకున్నా. మీరూ వదులుకోవాలి, వేరే దారి లేదు.

మీ ఊరి కోడ్ ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. అవుట్‌డోర్ స్టోరేజ్ అని వెతకండి, ముందు నిర్వచనాలు చదవండి. అమ్మకానికి బయట నిలబెట్టిన ట్రాక్టర్ చాలాచోట్ల డిస్‌ప్లే కిందికి వస్తుంది, స్టోరేజ్ కిందికి రాదు. దానికి నియమాలు వేరు. ఆ తేడా ఎందుకు పెట్టారో మీ మాటల్లో రాసుకుని, ఆ తర్వాత కేసుల జాబితా తెరవండి.