లాక్ ఫైలు ఎందుకు తీసేశారు?

పడుకునే ముందు బాపు మళ్ళీ అడిగాడు. "ఏంది బిడ్డా, పొద్దటిసంది గా నల్ల తెర ముందటనే కూసున్నవ్, పని షురూ కాలేదా?" కాలేదు. ఎనుమాముల పత్తి వ్యాపారుల లెక్కల అప్లికేషన్ కొత్తదే గానీ, పాత ప్రాజెక్టు కోడ్ ఉన్న రిపోను నమూనాగా తీసుకుని మొదలుపెట్టమన్నారు. అందులో, ఏ లైబ్రరీ ఏ వెర్షన్ దిగాలో కచ్చితంగా రాసి ఉంచే ప్యాకేజ్ లాక్ ఫైలును గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో, పెట్టేశారు. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ ఏ వెర్షనో, ప్రాజెక్టు గురించి చెప్పే రీడ్‌మీ ఫైల్లో లేదు.

కావాల్సిన లైబ్రరీల జాబితాలో వెర్షన్ 4.2.0 ముందు ^ గుర్తు ఉంటే 5 కంటే తక్కువ వెర్షన్లలో కొత్తది ఏది దొరికితే అది దిగుతుంది. లాక్ ఫైలు ఉంటేనే అందరికీ ఒకటే దిగేది. పాస్‌వర్డ్ లైబ్రరీ పాతది, నోడ్ కొత్తది. ఆ జంటకు ముందే కంపైల్ చేసి ఉంచిన తయారు బైనరీ దొరక్క అక్కడికక్కడే కంపైల్ చేయబోయి, పైథాన్ కావాలి, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ కావాలి అని తెర నిండా ఎర్రర్లు.

మా పనిలో కొత్తగా చేరిన అమ్మాయి జమ్మికుంట నుంచి ఫోన్. "జావాస్క్రిప్ట్ పనికి పైథాన్ ఎందుకక్కా? నాకే చేతనైతలేదేమో." ఆ రెండో మాటకే నాకు నిద్ర పట్టట్లేదు.

డిగ్రీలో ఉన్నప్పుడు హన్మకొండ హాస్టల్లో నా కంప్యూటర్లో జాంప్ నడవలేదు. అందులోని వెబ్ సర్వర్ అపాచీ ఎంతకీ లేవదు. సీనియర్ అక్క వచ్చి చూస్తే అపాచీకి కావాల్సిన 80వ పోర్టును స్కైప్ పట్టుకుని ఉంది. ఆమె నోట్‌బుక్ కాగితం చింపి, ఏది ముందు, ఏది తర్వాత, వరుసగా రాసిచ్చింది. మొదటి వరుసే "స్కైప్ మూసెయ్". కింద సగం ఖాళీగా వదిలి, "నీకొచ్చిన ఎర్రర్ ఇక్కడ రాయి, వెనకొచ్చేటోళ్లకు పనికొస్తది" అంది. ఆ కాగితం ఎన్ని గదులు తిరిగిందో. నా తర్వాత ఎవరెవరో అందులో తమ ఎర్రర్లు రాశారు. చివరికి మడతల దగ్గర చిరిగిపోయింది.

అంతా డాకర్‌లో, అంటే అందరికీ ఒకేలా నడిచే డబ్బాలో, పెట్టేస్తే పీడ పోతుందని సాయంత్రం దాకా అనుకున్నాను. కానీ ఆ అమ్మాయి లాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ. ఎడిటర్, బ్రౌజర్, పైన డాకర్ అంటే అది కదలదు. వద్దు.

లాక్ ఫైలు తీసేసినవాళ్లు ఇద్దరి మార్పులు కలిపేటప్పుడు వచ్చే మెర్జ్ గొడవలు భరించలేక తీసి ఉంటారు. ఆ విసుగు నాకూ తెలుసు. అయినా కోపం పోవట్లేదు, ఒక్క ముక్క రాసి పెట్టొచ్చు కదా.

బాపు పడుకున్నాక 5173 పోర్టులో అప్లికేషన్ పేజీ తెరుచుకుంది. సంతోషమే. లాక్ ఫైలు గిట్‌లోకి ఎక్కించాను, నోడ్ వెర్షన్ ఎన్‌వీఎమ్‌ఆర్‌సీ అనే చిన్న ఫైల్లో రాశాను. రేపు ఆ అమ్మాయితో ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ కాకుండా, లాక్ ఫైల్లో ఉన్నవే దించే ఎన్‌పీఎమ్ సీఐ కమాండ్ కొట్టిస్తాను. ఎక్కడైనా ఆగితే ఆ ఎర్రర్ ఆమె చేతే రీడ్‌మీలో రాయిస్తాను.