ఎనిమిది, పదకొండు, పదమూడు, పన్నెండు

ఆదివారం. పొద్దున్నుంచీ ఒకటే ఉక్క. వాన వచ్చేలా మబ్బు పట్టింది గానీ చుక్క రాలలేదు. పది దాటాక మేనల్లుడు బండి మీద దిగాడు. అక్కావాళ్ళది పాతపట్నం. మా పర్లాకిమిడి నుంచి అటు వెళ్తే ఒడిశా పోయి ఆంధ్రా వస్తుంది, రాష్ట్రం మారిపోతుంది గానీ, వాడికి మాత్రం అది అమ్మమ్మ చేపల పులుసుకు దారి, అంతే.

వస్తూనే జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి టీవీకి పెట్టాడు. ఓషన్స్ సినిమాలు, అవే, దొంగల ముఠాల హాలీవుడ్ సినిమాలు, నాలుగూ ఉన్నాయి. నేను మురీ మిక్చర్‌కి ఉల్లిపాయలు తరిగి వచ్చేసరికి ‘ఓషన్స్ ఎయిట్’ నడుస్తోంది.

“ఒరేయ్, అది ఆఖరిదిరా.”

“లిస్టులో మొదట ఇదే ఉంది మావయ్యా.”

నిజమే. టీవీ వాటిని ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చేసింది. ఎయిట్, ఎలెవన్, థర్టీన్, ట్వెల్వ్. (ఇప్పుడు రాస్తుంటే తట్టింది, ఎనిమిది, పదకొండు అంటూ తెలుగు పేర్లు అకారాదిలో పెట్టినా ఇదే వరస వస్తుంది! నిఘంటువుకి పనికొస్తుంది, దొంగల సినిమాకి కాదు.)

అమ్మ అప్పటికే చింతపండు పళ్ళెంతో కుర్చీలో స్థిరపడింది, ఇక ఆపడానికి లేదు. జైలు నుంచి వచ్చిన డెబీ, అన్న డానీ సమాధి దగ్గరికి వెళ్తుంది. పెద్ద కళ్ళద్దాల ముసలాయన రూబెన్ అక్కడికొచ్చి ఈ పని వద్దంటాడు. మావాడు అమ్మకి తెలుగులో చెప్తూనే ఉన్నాడు. న్యూయార్క్‌లో మెట్ గాలా అని మ్యూజియంలో జరిగే పెద్దవాళ్ళ ఫ్యాషన్ విందులో సినిమా తార మెడలోని వజ్రాల హారం కొట్టేయడం కథ. సూపులో మందు కలిపారనగానే అమ్మ చింతపండు పక్కన పెట్టేసింది.

అన్నాలయ్యాక ‘ఓషన్స్ ఎలెవన్’ పెట్టాం. జార్జ్ క్లూనీ జైలు నుంచి బయటికొచ్చాడు.

“ఈడెవరు?”

“డానీ, అమ్మమ్మా. ఆవిడ అన్న.”

“చచ్చిపోయినోడు మళ్ళీ వచ్చీసేడేట్రా?”

ఇది 2001లో వచ్చింది, పొద్దున చూసింది 2018 నాటిదని చెప్పాను. “అయితే చావు ముందు చూపించీడం ఏటి?” అంది. ఏం చెప్పను?

నా మాటంటూ అడిగితే విడుదలైన వరసే సరి: 2001లో పదకొండు, 2004లో పన్నెండు, 2007లో పదమూడు, తర్వాత 2018లో ఎనిమిది. రెండోది దండగ, వదిలేసి మూడోదానికి వెళ్ళిపోమనేవాళ్ళు చాలామందే. జూలియా రాబర్ట్స్ వేసిన పాత్ర జూలియా రాబర్ట్స్‌గా నటించే తమాషా నాకూ మొదటిసారి చిరాకే తెప్పించింది. కానీ క్యాసినోల యజమాని బెనెడిక్ట్‌ని గమనించండి. మొదటిదాంట్లో సొమ్ము పోగొట్టుకుంటాడు. రెండోదాంట్లో వడ్డీతో సహా రెండు వారాల్లో కట్టమని పీకల మీద కూర్చుంటాడు. మూడోదాంట్లో ఆ దొంగలకే పెట్టుబడి పెడతాడు. అప్పుల వాడిగా చూడకుండా ఒక్కసారిగా భాగస్తుడిగా చూస్తే ఆ సరదా ఏముంటుంది? మెట్ గాలా సినిమా ఒక్కటీ ఎప్పుడైనా చూడొచ్చు, అది వేరే కొంప. కాకపోతే అమ్మలాంటివాళ్ళకి సమాధి ముందు చూపించకూడదు.

లాస్ వేగాస్‌లో దీపాలార్పే ఘట్టం ఇంకా రానేలేదు, మా ఇంట్లో కరెంటు పోయింది. వాడు వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే పాతపట్నంలో ఉందట. “మన బ్యాచ్ ఇటేపు దిగినట్టుంది మావయ్యా” అని నవ్వాడు.

విసనకర్రలు పట్టుకుని కూర్చున్నాం. ఊరికే ఉండలేక ఈ ‘ఎలెవన్’కి మూలమైన 1960 నాటి పాత సినిమా కథ చెప్పాను. ఫ్రాంక్ సినాట్రా ముఠా కొత్త సంవత్సరం రాత్రి కరెంటు టవర్ పేల్చి, అయిదు క్యాసినోలు దోచుకుంటుంది. వాళ్ళలో ఒకడు చనిపోతే, సొమ్మంతా అతని శవపేటికలో దాస్తారు. తీరా చూస్తే శవాన్ని దహనం చేసేస్తారు, డబ్బంతా బూడిద.

“కాల్చక ఏం చేస్తారు? ఆమాత్రం తెలీదా ఆళ్ళకి?” అంది అమ్మ. సినాట్రా మీద ఇంతకన్నా గట్టి విమర్శ నేను వినలేదు.

అయిదింటికి కరెంటొచ్చింది. సినిమా పూర్తయ్యాక మావాడు పెన్‌డ్రైవ్ టీవీకే వదిలి, డబ్బాలో పులుసు పట్టుకుని వెళ్ళాడు. వచ్చే ఆదివారం పన్నెండు, ఆపై ఆదివారం పదమూడు అనుకున్నాం.

రాత్రి మంచినీళ్ళు తీసుకెళ్తే అమ్మ అడిగింది, “ఆ కళ్ళద్దాలాయన, రూబెన్. మిగతావాటిలో కూడా ఉంటాడా?”

ఉంటాడన్నాను. పదమూడులో ఆయనకి గుండెపోటు వస్తుందని మాత్రం చెప్పలేదు.